వెయ్యేళ్ళ చైనా ఏలుబడి వియత్నాంలో ఏం మిగిల్చింది? తొలి రాజ్యాల పాలన, చట్టం, భాష

#1 ఎర్రనది

వియత్నాం చరిత్ర గురించి తెలుగులో చదివినప్పుడల్లా ఒక వాక్యం ఎదురవుతోంది: "క్రీ.పూ. 111 నుంచి క్రీ.శ. 938 దాకా చైనా ఏలింది, అందుకే వియత్నాం సంస్కృతి చైనాకు నకలు." మొదటి సగంతో పేచీ లేదు. ఆ "అందుకే" దగ్గరే నాకు అభ్యంతరం.

తేదీలు వరసగా పేర్చి చూడండి. బాక్ డాంగ్ నదిలో ఇనుప మొనల గుంజలు పాతించి, ఆటుపోట్ల వేళ చూసుకుని దక్షిణ హాన్ (అప్పటి దక్షిణ చైనా రాజ్యం) పడవలను వియత్నాం సేనాని ఙో క్వియెన్ దెబ్బతీసింది 938లో. లిఖిత శిక్షాస్మృతి వచ్చింది 1042లో. రాజధాని థాంగ్ లాంగ్‌లో, అంటే ఈనాటి హనోయిలో, కన్ఫ్యూషియస్ గుడి వాన్ మియూ కట్టింది 1070లో. కొలువు కోసం మొదటి పరీక్ష 1075లో. రాచబడి 1076లో. చైనా అధికారి ఒక్కడు కూడా దేశంలో లేని కాలం ఇదంతా. పైగా 1075–77లో అప్పటి వియత్నాం రాజవంశం లీ, సోంగ్ వంశపు చైనాతో యుద్ధం చేస్తోంది. ఒక చేత్తో యుద్ధం, రెండో చేత్తో వాళ్ళ పరీక్షాపద్ధతి.

కాబట్టి నా వాదన ఇది: పాలనలో చైనా ముద్ర గట్టిగా పడింది చైనా ఏలినప్పుడు కాదు, సొంత రాజులు తమ అవసరం కొద్దీ దాన్ని తెచ్చుకున్నప్పుడు. తప్పయితే సరిదిద్దండి.

#2 కాలరేఖ

సగం ఒప్పుకుంటాను. ముందు చైనాను హాన్ వంశం ఏలిన కాలం ఎలా నడిచిందో చూడాలి, అప్పుడే మీ వాదన బలం తెలుస్తుంది.

క్రీ.పూ. 111లో హాన్ సేనలు నామ్ వియెట్ రాజ్యాన్ని గెలిచాక ఈనాటి వియత్నాం వైపు మూడు జిల్లాలు పెట్టారు: ఎర్రనది మైదానంలో జావ్ చీ, దాని దక్షిణాన కువ్ చన్, ఇంకా కింద ఞత్ నామ్. కానీ ఊళ్ళను నడిపింది పాత లాక్ దొరలే, అంటే అక్కడి స్థానిక నాయకులే. వాళ్ళకు కంచు ముద్ర, నీలాకుపచ్చ పట్టీ ఇచ్చి, "మీ జనాన్ని మీరే ఏలుకోండి, మాకు కప్పం పంపండి" అన్నారు. నూట యాభై ఏళ్ళు ఇదే ఏర్పాటు.

క్రీ.శ. 2 నాటి హాన్ జనాభా లెక్కలు చాలామంది ఎత్తి చూపుతారు. జావ్ చీలో 92,440 ఇళ్ళు, 7,46,237 మంది. కువ్ చన్‌లో 35,743 ఇళ్ళు, 1,66,013 మంది. ఞత్ నామ్‌లో 15,460 ఇళ్ళు, 69,485 మంది. ఈనాటి గ్వాంగ్‌జౌ చుట్టుపక్కల ఉన్న నాన్‌హై జిల్లాలో మాత్రం 19,613 ఇళ్ళు, 94,253 మందే. అంటే దక్షిణాన అన్నిటికంటే జనం కిక్కిరిసి ఉన్నది ఎర్రనది మైదానం.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఇంటికి ఎంతమందో లెక్క కట్టండి. కువ్ చన్‌లో 4.6, నాన్‌హైలో 4.8, జావ్ చీలో మాత్రం 8.07! అక్కడి ఆడవాళ్ళు ఎక్కువమందిని కన్నారని దీని అర్థం కాదు. "ఇల్లు" అని గుమాస్తా రాసుకున్నది చైనా పద్ధతి కుటుంబాన్ని కాకపోవచ్చు. పుల్లలు లెక్కపెట్టే వీలు లేక మోపులు లెక్కపెట్టినట్టు, లాక్ దొరలు చెప్పిన గుంపుల లెక్కనే ఎక్కించుకుని ఉంటారన్నది నా అంచనా. అందుకని ఈ అంకెను జనాభాగా వాడేటప్పుడు జాగ్రత్త.

#3 కొత్తగా_చేరాను

కాలరేఖ గారూ, ఒక సందేహం. నాగలితో దున్నడం, పెళ్ళి చేసుకోవడం చైనా అధికారులే నేర్పారని రాస్తుంటారు కదా. అది నిజమేనా అండీ?

#4 కాలరేఖ

ఆ మాట చైనా రాజచరిత్రల్లోనే ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో కువ్ చన్‌కు రెన్ యాన్ అనే అధికారి వచ్చాడనీ, పనిముట్లు పోత పోయించి దున్నడం నేర్పాడనీ, వయసు ప్రకారం జంటలు కలిపి పెళ్ళిళ్ళు చేయించాడనీ రాశారు. రాసింది ఆ అధికారి తరఫు వాళ్ళన్నది మరవకూడదు.

మట్టి కింద సాక్ష్యం వేరేలా ఉంది. హనోయి దగ్గర కో లోవా కోటలో 1982లో ఒక పెద్ద కంచు డోలు బయటపడింది. దాని కడుపులో దాచిన కంచు సామాన్లలో దాదాపు వంద నాగటి కర్రులు ఉన్నాయి. హాన్ సేనలు రాకముందు అక్కడ వెలసిన డోంగ్ సాన్ కంచు సంస్కృతి కాలపు వస్తువులవి. దున్నడం ముందే ఉంది. చైనా వైపు నుంచి వచ్చింది ఇనుము వాడకం పెరగడం. వరద నీటి పోటును బట్టి సాగుచేసే "లాక్ పొలాలు" హాన్ సేనలు రాకముందు నుంచీ ఉన్నాయని చైనా గ్రంథాలే చెబుతాయి.

అసలు మార్పు క్రీ.శ. 40–43 తర్వాత వచ్చింది. మే లిన్‌లోని లాక్ దొర ఇంటి ఆడపడుచులు, ట్రుంగ్ అక్కచెల్లెళ్ళు, జిల్లా అధికారి సు డింగ్ మీద తిరగబడ్డారు. 65 కోటలు వాళ్ళ పక్షం చేరాయి. అణచడానికి వచ్చిన సేనాని మా యువాన్ మూడు పనులు చేశాడు. మూడు వందలకు పైగా దొరల కుటుంబాలను హునాన్ వైపు తరలించాడు. గెలిచిన చోటల్లా కోటగోడలు కట్టి, కాలువలు తవ్వించాడు. స్థానిక చట్టానికీ హాన్ చట్టానికీ పదికి పైగా అంశాల్లో పొసగడం లేదని చక్రవర్తికి రాసి, కట్టుబాట్లు ప్రకటించాడు. అవి కాక, తాను పట్టుకున్న కంచు డోళ్ళు కరిగించి గుర్రం బొమ్మ పోయించాడు. డోలు అక్కడ దొర అధికారానికి గుర్తు. మన దగ్గర ఊరి బొడ్రాయిని పెకలించడం ఎంతటి పనో, అదీ అంతటిదే.

#5 నుడికారం

పాలన సంగతి మీరు చూసుకోండి, నేను భాష వైపు నుంచి వస్తాను. తెలుగువాళ్ళకు ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే మనకు ప్రకృతి–వికృతులు బడిలోనే పరిచయం. భక్తి–బత్తి, పుస్తకం–పొత్తం. ఒకే సంస్కృత పదం రెండు దారుల్లో వచ్చింది.

వియత్నామీస్‌లోనూ అచ్చం అంతే. గదికి రెండు మాటలు: ఫోంగ్, బువాంగ్. రెండూ ఒకే చైనా మాట. తెరచాపకు ఫామ్, బువామ్. "వి" అంటే రుచి, "మూయ్" అంటే వాసన, రెండింటికీ మూలం ఒకటే. మొదటి వరస చైనాలో తాంగ్ వంశం ఏలిన కాలంలో (7–10 శతాబ్దాలు) చదువుల ద్వారా, పద్ధతిగా వచ్చింది. రెండో వరస అంతకు ముందు హాన్ కాలం నాటి నుంచీ నోటి మాటగా దిగింది. అప్పటికి చైనా భాషలో "ఫ" ధ్వని పుట్టలేదు, అందుకే అక్కడ "బ" నిలిచిపోయింది.

పదం ఏ పొరదో తేల్చాలంటే నేను ఈ వరసలో చూస్తాను. ముందు చైనా అక్షరం చదివే నిఘంటువు ఉచ్చారణతో సరిగ్గా సరిపోతోందా అని. సరిపోతే తాంగ్ పొర. సరిపోక, అర్థం మాత్రం కలిస్తే ఫ–బ, వ–మ మార్పు ఉందేమో చూడాలి. ఉంటే పాత పొర. రెండూ లేకపోతే దేశి పదం కావచ్చు. ఒక్క పదంతో తీర్పు చెప్పకూడదు, అదే మార్పు కనీసం మరో రెండు జంటల్లో కనబడాలి. లేకపోతే యాదృచ్ఛికంగా పోలిన మాటల్ని చుట్టాలుగా కలిపేస్తాం.

ఒకటి నుంచి పది దాకా అంకెలు దేశివే: మోత్, హాయ్, బా. కానీ "మొదటిది" అనాలంటే "థు ఞత్", చైనా అంకె. మనం ఒకటి, రెండు అంటూనే ప్రథమ బహుమతి, ద్వితీయ బహుమతి అనమూ!

వాక్యనిర్మాణం మాత్రం లొంగలేదు. ఎర్రనదిని చైనా వరసలో చెబితే "హోంగ్ హా": ఎర్ర, నది. జనం పిలిచేది "సోంగ్ హోంగ్": నది, ఎర్ర. విశేష్యం ముందు, విశేషణం తర్వాత. మాటలు అరువు తెచ్చుకున్నా, వాటిని కూర్చే పద్ధతి సొంతదే.

#6 తాళపత్రం

ఎర్రనది గారూ, మీ వాదనకు నుడికారం గారి పోస్టే అడ్డు వస్తోంది, చూశారా? చదువుల ద్వారా వచ్చిన ఆ తాంగ్ పొర అంత పద్ధతిగా ఉందంటే, 938కి ముందే అక్కడ చైనా చదువు చదివిన స్థానిక వర్గం గట్టిగా ఉన్నట్టే. లేకపోతే వేల మాటల ఉచ్చారణ అంత నియమంగా ఎలా నిలబడుతుంది?

ఇంకా చెప్పాలంటే, క్రీ.శ. 187 నుంచి 226 దాకా జావ్ చీని ఏలిన షి షియె దగ్గరికి చైనా యుద్ధాలు తప్పించుకుని పండితులు వందలాదిగా చేరారు. అతని కోట లుయ్ లావ్ బౌద్ధానికీ, కన్ఫ్యూషియస్ చదువుకూ కేంద్రం. తాంగ్ వాళ్ళు 679లో "ఆన్ నామ్" రక్షణ మండలం పెట్టాక, థాన్ హ్వా వైపు నుంచి ఖువాంగ్ కాంగ్ ఫూ అనే అతను తాంగ్ రాజధాని పరీక్షలో నెగ్గి, చక్రవర్తి దజోంగ్ దగ్గర మంత్రి అయ్యాడు. 1075లో పరీక్ష పెట్టగానే రాయడానికి మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు? నేల ముందే దున్ని ఉంది. 938 తర్వాత రాజులు విత్తనం చల్లారు, అంతే.

అన్నట్టు, "ఆన్ నామ్" అంటే "శాంతింపజేసిన దక్షిణం" అని. ఆ పేరును దేశం పేరుగా మామూలుగా వాడేయకండి, గెలిచినవాడు పెట్టిన పేరది.

#7 ఎర్రనది

తాళపత్రం గారి మాట న్యాయమైనదే. "చైనా ఏలినప్పుడు కాదు" అని నేను తేల్చి చెప్పడం ఎక్కువైంది. చదువు ముందే ఉంది, ఒప్పుకుంటున్నా. రాజ్యయంత్రం మాత్రం తర్వాతిదే అన్న మాట మీద నిలబడతాను, ఎందుకంటే తొలి రాజులు చైనా పద్ధతిని పక్కన పెట్టి నడిచిన సందర్భాలు స్పష్టంగా ఉన్నాయి.

డిన్ బో లిన్ 968లో చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. సోంగ్ దర్బారుకు రాసేటప్పుడు కప్పం పంపే సామంతుడు, ఇంట్లో మాత్రం చక్రవర్తి. ఈ రెండు ముఖాల ఏర్పాటు ఆ తర్వాత వందల ఏళ్ళు నడిచింది. 970లో అతను ఐదుగురిని ఒకేసారి మహారాణులుగా నిలబెట్టాడు. చైనా ధర్మం ప్రకారం పట్టపురాణి ఒక్కతే. తర్వాతి కాలపు కన్ఫ్యూషియస్ చరిత్రకారులు దీన్ని తప్పుపట్టారు. అతని కొలువులో ఆలోచన చెప్పింది బౌద్ధ భిక్షువులు. డిన్ తర్వాత ఏలిన లే హ్వాన్ కాలంలో, 987లో, సోంగ్ రాయబారి లీ జ్యూ నది దాటుతూ రెండు పెద్దబాతుల్ని చూసి రెండు పాదాలు ఆశువుగా చదివితే, పడవవాడి వేషంలో ఉన్న భిక్షువు ఫాప్ థువాన్ అదే ఛందస్సులో మిగతా రెండు పాదాలు పూరించాడు. సమస్యాపూరణం తెలిసిన మనకు ఆ క్షణంలో రాయబారి ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహకందుతుంది. "మాకూ మీ విద్య వచ్చు, మీ పెత్తనం అక్కర్లేదు" అని ఇంతకంటే మర్యాదగా చెప్పలేం.

ఇంకొకటి. 1028లో లీ వంశంలో పట్టాభిషేకం ముందు రాకుమారులు ముగ్గురు తిరగబడ్డారు. అణచిన తర్వాత లీ థాయ్ తోంగ్ అధికారుల విధేయతకు ఏ ఏర్పాటు చేశాడు? కన్ఫ్యూషియస్ సూక్తులు చదివించలేదు. డోంగ్ కో, అంటే కంచు డోలు దేవుడి గుడి ముందు అందరినీ నిలబెట్టి, నెత్తురు తాగించి, "రాజుకు ద్రోహం చేస్తే దేవుడు చంపుగాక" అని ఏటా ప్రమాణం చేయించాడు. లీ తర్వాత వచ్చిన త్రాన్ వంశం 1227లో దీన్ని మళ్ళీ మొదలుపెట్టి, రానివాడికి ఐదు క్వాన్ల జుల్మానా వేసింది. మా యువాన్ కరిగించిన డోలు, వెయ్యేళ్ళ తర్వాత కొలువు మొత్తాన్ని కట్టి ఉంచే దేవుడు!

#8 న్యాయదర్శి

చట్టం గురించి చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. 1042 నాటి స్మృతి మూడు సంపుటాలు, ఇప్పుడు దొరకదు. మనం చదవగలిగేది 15వ శతాబ్దపు లే వంశపు స్మృతి, 722 సూత్రాలు. లే థాన్ తోంగ్ పాలనా సంవత్సరాల పేరు మీద హోంగ్ డుక్ స్మృతి అంటారు. రెండు వందలకు పైగా సూత్రాలకు మూలం తాంగ్ స్మృతిలో కనిపిస్తుంది. అరువు తెచ్చుకున్నప్పుడు ఏం మార్చారన్నది చూస్తేనే అసలు విషయం బోధపడుతుంది.

ఐదు రకాల శిక్షలు అలాగే ఉంచారు: చిన్న బెత్తం, పెద్ద బెత్తం, వెట్టిచాకిరీ, దేశాంతరం, మరణం. తాంగ్ దేశాంతర శిక్ష 2,000, 2,500, 3,000 లీ దూరాల లెక్కన ఉంటుంది. ఆ మాటే దించుకుంటే నేరస్తుడు దేశం దాటిపోవాలి, రాజ్యం అంత పొడుగు లేదు! అందుకని దూరాలు తీసేసి ఊళ్ళ పేర్లు పెట్టారు. దగ్గరిదానికి ఙే ఆన్, తర్వాత బో చిన్, దూరానికి తన్ బిన్.

ఆస్తి విషయంలో తేడా ఇంకా పెద్దది. 388వ సూత్రం: తల్లిదండ్రులు వీలునామా లేకుండా పోతే భూమిలో 20వ వంతు "హువాంగ్ హ్వా" కింద, అంటే పితరుల ధూపదీపాలకు, పక్కన పెట్టి పెద్దకొడుక్కి అప్పగించాలి. మిగతాది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పంచుకోవాలి. లెక్క వేద్దాం. 20 మౌల పొలం ఉందనుకోండి. 1 మౌ ధూపదీపాలకు పోగా 19 మిగులుతుంది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళయితే తలా 4.75 మౌలు. పది సావ్‌లు ఒక మౌ కాబట్టి, 4 మౌల ఏడున్నర సావ్‌లు. ఇది పసుపు కుంకుమల కింద ఇచ్చేది కాదు, పంపకంలో వాటా. 391వ సూత్రం ప్రకారం కొడుకు లేకపోతే ధూపదీపాల భూమి పెద్దకూతురిది. తాంగ్ చట్టంలో కొడుకులుండగా కూతురికి పెళ్ళి ఖర్చు తప్ప వాటా లేదు.

రెండు జాగ్రత్తలు. ఉంపుడుగత్తెల పిల్లలకు వాటా తక్కువ అని అదే సూత్రం చెబుతుంది, కాబట్టి పైన వేసిన లెక్క ఒకే భార్య పిల్లలకు. "సమానంగా" అన్న మాట సూత్రంలో సూటిగా లేదు, అందుకే పరిశోధకుల్లో దీని మీద వాదం నడుస్తోంది. "వియత్నాం స్త్రీకి అన్నిటా సమాన హక్కు" అని రాసేయకండి.

#9 కొత్తగా_చేరాను

చాలా బాగా విప్పి చెప్పారండీ. వియత్నామీస్ మాటలు రాయడానికి ఒకప్పుడు వాడిన నోమ్ లిపి కూడా చైనా లిపే కదా, దాన్ని వేరుగా ఎందుకు లెక్కిస్తారు?

#10 నుడికారం

ముక్కలు చైనావి, కట్టడం సొంతది. దగ్గరగా చూడండి. "ఐదు"కు దేశి మాట "నమ్". చైనా లిపిలో దానికి అక్షరం లేదు. అందుకని ఎడమ పక్క "దక్షిణం" అనే అక్షరం పెట్టారు, దాని పలుకు "నామ్" కాబట్టి. కుడి పక్క "ఐదు" అక్షరం, అర్థం కోసం. "సంవత్సరం"కూ మాట "నమ్" అనే, దానికి ఎడమ పక్క అదే "దక్షిణం", కుడి పక్క "సంవత్సరం". "ఆకాశం"కు దేశి మాట "చోయ్". దానికి మాత్రం పలుకుతో పని లేకుండా, "స్వర్గం" అక్షరం కింద "పైన" అనే అక్షరం పేర్చారు.

చిక్కు ఎక్కడంటే, ఇది చదవాలంటే చైనా లిపి ముందే వచ్చి ఉండాలి. పైగా ఒకే మాటను ఒక్కో లేఖకుడు ఒక్కో రకంగా కట్టాడు, ప్రమాణం పెట్టినవాళ్ళు లేరు. అందుకే జనం లిపి కావలసింది పండితుల చేతిలోనే ఉండిపోయింది. 1282లో ఙుయెన్ థుయెన్ మొసళ్ళను తరమడానికి నోమ్‌లో రచన చేసి నదిలో వేశాడని చరిత్రలో ఉంది.

పేర్లు తెలుగులో రాసేవాళ్ళకు ఒక మాట: అక్షరమాలలో నేర్చుకుని ఆ తర్వాత ముట్టుకోని ఙ, ఞ ఇక్కడ నిజంగా పనికొస్తాయి. పదం మొదట్లో ఆ ధ్వనులు వాళ్ళకు రోజూ ఉంటాయి. "థాంగ్ లాంగ్"లో థ మన థ లాంటిదే.

#11 తాళపత్రం

భారతదేశం వైపు నుంచి వచ్చింది కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. దక్షిణాన ఉన్న చంపా రాజ్యం సంస్కృత శాసనాల రాజ్యం, డోంగ్ డువాంగ్‌లో దొరికిన కంచు బుద్ధుడిలో కళాచరిత్రకారులు అమరావతి పోలికలు చూస్తారు. కానీ అది చంపా. ఉత్తరాన వియెట్ రాజ్యానికి దాన్ని అంటగట్టకండి. అక్కడ బౌద్ధం చైనా భాషలో చదివినదే.

#12 ఎర్రనది

పరీక్ష సంగతి అడగకముందే చెప్పేస్తాను. 1075లో మొదటివాడు లే వాన్ థిన్. 1084లో సోంగ్‌తో సరిహద్దు బేరం ఆడటానికి వెళ్ళింది అతనే. అయితే లీ వంశపు 216 ఏళ్ళలో జరిగిన పరీక్షలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1195లో బౌద్ధం, తావో, కన్ఫ్యూషియస్ మూడింటిలోనూ కలిపి పరీక్ష పెట్టారు. పద్ధతి గట్టిపడింది త్రాన్ కాలంలో. 1304లో నాలుగు మెట్లు: పాఠం చూడకుండా రాయడం, ఇక్కడే చాలామంది రాలిపోతారు. తర్వాత శాస్త్రార్థం, పద్యం. మూడో మెట్టు రాజశాసనం, విన్నపం రాయడం. చివరిది పాలన మీద ప్రశ్నకు జవాబు. ఆ ఏడు 44 మంది నెగ్గారు.

చైనాలో ఈ పరీక్షలు 1905లో ఆగాయి. వియత్నాంలో చివరిది హుయేలో జరిగింది 1919లో.

#13 కొత్తగా_చేరాను

వాన్ మియూలో పరీక్ష నెగ్గినవాళ్ళ పేర్లు చెక్కిన 82 రాతి పలకలున్నాయి కదా, వాటి మీది సంవత్సరాలు ఎలా చదవాలి?

#14 కాలరేఖ

రెండు గుర్తులుంటాయి. ఒకటి రాజు పాలనా సంవత్సరం పేరు. హోంగ్ డుక్ 1వ ఏడు 1470. కాబట్టి హోంగ్ డుక్ 15 అంటే 1470కి 14 కలపాలి, 15 కాదు: 1484. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రెండోది అరవై ఏళ్ళ చక్రంలో పేరు. 1484కు అది "జాప్ థిన్". మన ప్రభవ, విభవ లాంటిదే, కానీ మొదలు వేరు: వాళ్ళ చక్రం 1984లో మొదలైతే మన ప్రభవ 1987లో. మూడేళ్ళ తేడా. జంతువుల పేర్లలో చైనా కుందేలు స్థానంలో వాళ్ళకు పిల్లి ఉంటుంది.

చక్రంలో పేరు ఒక్కటే చూస్తే అరవై ఏళ్ళు అటూ ఇటూ పొరబడతారు, పాలన పేరుతో సరిచూసుకోవాలి. చాంద్రమాన సంవత్సరం చివరి నెలలో జరిగినదైతే మన కేలండర్లో తర్వాతి ఏడాదికి పోతుంది, అదీ గమనించాలి. పాలన పేరు ఎవరిదన్నది కూడా చూడండి. 970లో డిన్ బో లిన్ "థాయ్ బిన్" అని సొంత పేరు పెట్టుకునే దాకా అక్కడ చెల్లిన సంవత్సరాలు చాలావరకు చైనా చక్రవర్తులవి.